ఎస్తేరమ్మ ఉల్లికి నేను ఏరిన శాంపిల్

వాన కురిపించేవాడూ ఆయనే, ఎండ కాయించేవాడూ ఆయనే. మా ఎండు నేలలో చల్లిన నల్లటి చిన్న విత్తనానికి గులాబీ గడ్డను కట్టించే దేవునికి ముందుగా స్తోత్రం. నా చేతి పని వల్ల ఒక విశ్వాసికి నష్టం జరిగిన నాడు కూడా నన్ను తన సన్నిధి నుండి తోసివేయని తండ్రికి మహిమ. ఆయన కృప లేకుంటే ఈ సంగతి రాయడానికి నాకు ధైర్యం వచ్చేది కాదు.

మైదుకూరు నుండి బద్వేలు పోయే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో ఉన్న ఉల్లి గ్రేడింగ్ యార్డులో నేను సూపర్‌వైజర్ని. ఉల్లి ఎగుమతులు ఆగిపోయిన ఆ ఏడాదికి అక్కడ చేరి నాకు పంతొమ్మిదేళ్లు. గ్రేడింగ్ అంటే రైతు తెచ్చిన గడ్డలను నీడన ఆరబెట్టి, తోక, వేరు కోసి, కుళ్లినవి ఏరేసి, ఇనుప రింగుల్లో నుండి జారవిడిచి సైజుల వారీగా వేరుచేయడం. తర్వాత మెష్ సంచుల్లో నింపి కంటైనర్‌కెక్కిస్తాం. కంటైనర్ చెన్నై రేవుకు, అక్కడి నుండి ఓడలో సింగపూరు, మలేషియాలకు పోతుంది. మా షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఏరుతారు. భోజనానికి ముందు నేను రెండు మాటల ప్రార్థన చేస్తాను. వాళ్లలో సగం మంది ఒంటిమిట్ట రాములవారికి మొక్కేవాళ్లే. అయినా కళ్లు మూసుకుంటారు.

మేము పంపే ఉల్లి మీరు కూరలో వేసుకునే ఉల్లి కాదు. దాన్ని మా వైపు కె.పి. ఉల్లి అంటారు. గోళీకాయ కంటే కొంచెం పెద్దది, గులాబీ రంగు, ఘాటు శానా ఎక్కువ. ఒలవడానికి కూర్చుంటే పూట గడిచిపోతుంది. మన దేశంలో దీన్ని తినేవాళ్లు లేరనే చెప్పాలి. పండించే మేము కూడా తినం. ఈ గడ్డను పొలంలో పెరికి, సాయంత్రం ఇంటికి పోతూ అంగడిలో పెద్ద ఉల్లి కొనుక్కుంటాం. పుట్టి పెరిగిన వాడిని కాబట్టి ఇందులో వింత ఉందని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడాది పట్టణాల్లో ఉల్లి ధర బాగా పెరిగింది. ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. సరుకు దేశం దాటకపోతే మన మార్కెట్లలో రాశులు పెరుగుతాయి, ధర దిగుతుంది, కొనేవాడు ఊపిరి పీల్చుకుంటాడు. అదే దాని ఉద్దేశం. నిజంగానే దిగింది. నేను మా చర్చి సంఘంలో పెద్దను. మా సంఘంలో ఎక్కువమంది కూలి పనికి పోయేవాళ్లు. తర్వాతి ఆదివారం పాస్టరు అయ్యగారు నన్ను స్తుతి ప్రార్థన చేయమన్నారు. "తండ్రీ, బీదల ఇళ్లలో మళ్లీ ఉల్లి కనపడేలా చేసినావు, ధర దించినావు, నీకు స్తోత్రం" అని ప్రార్థించాను. సంఘమంతా ఆమెన్ అంది. ఆడవాళ్ల వైపు నుండి ఒక గొంతు అందరికంటే గట్టిగా వినిపించింది. అది ఎస్తేరమ్మ గొంతు.

ఎస్తేరమ్మకు యాభై దాటాయి. భర్త పోయి ఎనిమిదేళ్లు. ఎకరన్నర సొంత పొలం, అందులో ఒక బోరు. నీళ్లు ఏడాదికేడాదికి కిందికి పోతున్నాయి. ఈ పంట అమ్మి బోరును ఇంకో వంద అడుగులు దించాలని ఆమె తలంపు. దించకపోతే ఆ ఎకరన్నర వానను నమ్ముకోవలసిందే. అది ఆమె ప్రతి ఉపవాస కూటంలో చెప్పే ప్రార్థన మనవి, కాబట్టి మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నిషేధపు కాగితంలో ఉల్లి అని మాత్రమే ఉంది. ఏ ఉల్లి అని లేదు. పట్టణంలో ఎవరూ కొనని మా గులాబీ గోళీలు కూడా ఆ ఒక్క మాటలో చిక్కుకున్నాయి. మా షెడ్డులో సంచులు పైకప్పు దాకా లేచాయి. ఎస్తేరమ్మ పంట కూడా అప్పుడే పెరికారు.

కొన్ని వారాలకు రైతుల మొర విని కోటా ఇచ్చారు. కోటా అంటే ఇన్ని టన్నుల వరకే, ఈ ఒక్క రేవు నుండే పంపవచ్చునని హద్దు పెట్టడం. ముందు వచ్చినవారికి ముందు. పెద్ద ఉల్లిని కె.పి. పేరు మీద దొంగతనంగా పంపకుండా, ప్రతి లాట్‌కు అధికారి సర్టిఫికెట్ ఉండాలి. లాట్ అంటే ఒక రైతు సరుకు. లాట్‌కొక శాంపిల్ తీసి ఆ అధికారి ఆఫీసుకు ఇస్తే, వాళ్లు చూసి ఇది కె.పి. ఉల్లే అని రాసి ఇస్తారు.

ఆ కాగితం మా ఓనరు నా చేతికిచ్చాడు. నేను టన్నుల లెక్క చూశాను, రేవు పేరు చూశాను. మిగతాది ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటే మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరుసటి పొద్దున ఎస్తేరమ్మ షెడ్డుకు వచ్చింది.

"ఏమప్పా దానేలూ, నా లాట్ ముందు పోతాదా?"

"మొదటి దరఖాస్తుల్లోనే పెడతాండా అక్కా."

"శాంపిల్ నువ్వే ఏరు నాయనా. ఈ ఆడోళ్లు చేటకెత్తి పోస్తారు, వాళ్లకేం పట్టింది."

పక్కన గడ్డలు కోస్తున్న లక్షుమ్మ తల ఎత్తకుండానే అంది. "నీ ఉల్లికేమన్నా పెళ్లిచూపులా ఎస్తేరమ్మా, ముస్తాబు చేసి పంపీదానికి?"

"పెళ్లే అనుకో పో. నా బోరుకు పెళ్లి."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, ఆమె రాశి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. దేవునికి ఇచ్చేది మొదటిదీ మేలైనదీ అయి ఉండాలని చిన్నప్పటి నుండి సండే స్కూల్లో నేర్చుకున్నవాడిని. మా ఇంట్లో ఏ పంట వచ్చినా మొదటి గంప మందిరానికి పోవాల్సిందే, అందులో ఒక్క పుచ్చు కాయ కూడా ఉండకూడదు. ఆ రాశి ముందు నా చేతులు అదే పని చేశాయి. కళ్లు మూసుకుని ప్రార్థించి, అన్నింటికంటే పెద్దవి, గుండ్రటివి, మెరిసేవి ఒక్కొక్కటిగా ఏరాను. గంటసేపు పట్టింది. ఒక్కో గడ్డను తువ్వాలుతో తుడిచాను. పంతొమ్మిదేళ్లుగా బయటి కొనుగోలుదారులకు పంపిన శాంపిళ్లు కూడా ఇలాగే ఏరేవాడిని. పెద్దవంటేనే వాళ్లకు ఇష్టం. ఇది కె.పి. ఉల్లే అని ఎవరికీ రుజువు చూపవలసిన అవసరం అంతకుముందు రాలేదు.

ఆ రోజు మా యార్డు నుండి పదకొండు శాంపిళ్లు పోయాయి. మిగతా పదీ ఆడవాళ్లు చేటతో ఎత్తి సంచిలో పోసినవే.

మూడో రోజు ఆఫీసు నుండి పిలుపు వచ్చింది. అధికారి మంచివాడు, తొందరపడే మనిషి కాదు. బల్ల మీద పది సంచులు ఒక పక్క, ఎస్తేరమ్మ సంచి ఒక్కటే ఇంకో పక్క ఉన్నాయి. కొలిచే స్టీలు పరికరం ఆమె గడ్డల మధ్యలో పెట్టి ఉంది.

"ఏమయ్యా, వీటిని కె.పి. అని రాయమంటావా?"

"కె.పి.నే సార్. మా సంఘపు ఆమె పొలమే. నేనే చూసినాను."

"పొలం నాకు కనపడదు, గడ్డ కనపడుతుంది. సైజు ఎంత ఉండాలో కాగితంలో రాసి ఉంది. చదివినావా?"

నేను జేబులోని మడత తీశాను. చిన్న అక్షరాల్లో ఉంది. ఇంతకు మించి ఉంటే మామూలు ఉల్లిగానే లెక్క.

"ఇందులో ఒక్కటైనా హద్దు లోపల ఉందా, నువ్వే కొలిచి చెప్పు" అన్నాడు.

కొలిచాను. ఒక్కటీ లేదు.

"సార్, రాశి అంతా చిన్నదే. నేను పెద్దవి ఏరి తెచ్చినాను."

"ఎందుకు?"

"మంచివని."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "మంచివి ఎవరడిగినారయ్యా? ఉన్నవి అడిగినాం."

కొత్త శాంపిల్‌తో మళ్లీ దరఖాస్తు పెట్టమన్నాడు. ఆ సాయంత్రమే పెట్టాను, ఈసారి లక్షుమ్మ చేటతో ఎత్తిపోసిన గడ్డలతో. వరుసలో మా కాగితం వెనక్కి పోయింది. మా పది లాట్లు కంటైనర్‌లోకి ఎక్కాయి. పదకొండో దానికి వంతు వచ్చే లోపల కోటా నిండిపోయిందని కబురు వచ్చింది. ఆ కబురు విన్నప్పుడు నేను రింగులు కడుగుతున్నాను. ఎస్తేరమ్మకు మాత్రం కోటా నిండింది అని చెప్పాను. అది నిండే దాకా ఆమె వంతు ఎందుకు రాలేదో చెప్పలేదు. పాపం అంటే ఏమిటో ఇరవై ఏళ్లుగా సంఘానికి బోధించినవాడిని, ఆ ఒక్క వాక్యం మింగేశాను.

ఈ ఉల్లి నిలవ ఉండదు. వారాల్లో మొలక వస్తుంది, ఆపైన కుళ్లు. మా ఓనరు, "కర్నూలు మార్కెట్‌కు తీసకపోయి చూడప్పా, ఎంతొస్తే అంత" అన్నాడు. చిన్న లారీలో సగం లాట్ వేసుకుని తెల్లవారగానే బయలుదేరాం. ఎస్తేరమ్మ, "నా బిడ్డల్ని ఒంటిగా పంపను" అని క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంది.

కర్నూలు యార్డులో ఉల్లి రాశులు గుట్టలుగా ఉన్నాయి. అన్నీ పెద్ద ఉల్లి. బయటికి పోవలసింది కూడా ఇక్కడే పడి ఉంది. కమీషన్ ఏజెంటు ఖాదర్ సాబ్ నాకు పాత పరిచయం. అతను మా సంచిలో చేయి పెట్టి గుప్పెడు తీశాడు, వేళ్ల మధ్య దొర్లించాడు.

"ఇవేంటివి దానేలు భాయ్? ఉల్లిగడ్డలా, పిల్లోళ్ల గోళీలా?"

"కె.పి. గడ్డ సాబ్. నీకు తెలియనిదా?"

"తెలిసే అడుగుతాండా. ఇది సింగపూరోని సరుకు. ఈడ ఎవరు కొంటారు? హోటలోడు ఒలిచీదానికి ఇద్దరు మనుషుల్ని పెట్టాల. ఒలిచినంక మిగిలేది ఎంత?" గడ్డలు సంచిలోకి జారవిడిచాడు. "ఉల్లి ఏమో శానా ఉండాది, కొనేవాడే లేడు. దీనికి దుడ్లు అడిగితే నన్ను చూసి నవ్వుతారప్పా."

ఆఫీసు బల్ల మీద ఇది ఎగుమతి ఉల్లి కాదు, మామూలు ఉల్లి అన్నారు. కర్నూలు మార్కెట్‌లో ఇది మామూలు ఉల్లి కాదు, ఎగుమతి ఉల్లి అన్నారు. ఒకే పొలం, ఒకే విత్తనం. రెండు చోట్లా దానికి చోటు లేకుండా పోయింది. నేను ఆ రాశుల మధ్యలో నిలబడ్డాను. నేను ఆదివారం స్తోత్రం చెప్పిన ధర ఇదేనా అనుకున్నాను. బీదలకు దిగిన ధరలో ఎస్తేరమ్మ గడ్డ ఒక్కటి కూడా లేదు. ఆమె పంట ఆగినందువల్ల ఏ పట్టణంలో ఏ తల్లికీ ఒక్క పైసా మిగలలేదు. ఎవరికీ మేలు లేని నష్టం ఇంత సులభంగా జరుగుతుందని నేను ఎరగను.

తిరిగి చూస్తే ఎస్తేరమ్మ లేదు. కంగారుపడి వెదికాను. పక్క వరుసలో ఒక రాశి దగ్గర కూర్చుని, గుడ్డ సంచిలో పెద్ద ఉల్లిగడ్డలు ఏరుకుంటూ ఉంది.

"ఏం జేస్తాండావక్కా?"

"ఇంట్లోకి అప్పా. ఈడ శానా అగ్గువగా ఉండాయి. మనూర్లో కంటే సగమే." ఒక గడ్డను నొక్కి చూసి పక్కన పెట్టింది. "నువ్వు గూడా తీసుకో, మీ ఇంటామెకు."

అమ్ముకోలేని ఉల్లి సంచులు లారీ నిండా వెనుక ఉన్నాయి. చౌకగా దొరికిన ఉల్లి నాలుగు కిలోలు ఆమె ఒళ్లో ఉంది. ధర పడినందుకు ఆమెకు కలిగిన లాభం ఆ సంచిలో పట్టింది.

తిరుగు దారిలో ఓర్వకల్లు రాళ్ల గుట్టల దగ్గర టీ కోసం ఆగాం. అక్కడ చెప్పేశాను. శాంపిల్ గురించి, చదవని కాగితం గురించి, మిగతా పది లాట్లు ఎలా పాసయ్యాయో, అన్నీ చెప్పాను. ఆమె టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని గుట్టల వైపు చూస్తూ వింది. డ్రైవరు హారన్ కొట్టినా లేవలేదు.

"చేటతో ఎత్తి పోసింటే పోయేదన్నమాట."

"పోయేదక్కా."

"నేనే కదా నిన్ను ఏరమంటి." మళ్లీ తనే అంది. "మంచియి ఏరితివి. చెడ్డయి ఏరలేదు కదా, నిన్నేమనేది."

"నన్ను క్షమించక్కా."

"క్షమించకుంటే ప్రార్థన నోట్లోకి రాదు కదప్పా. క్షమించినా. అయినా నా బోరు పాయె." గ్లాసు కింద పెట్టింది. "ఇంకోటి చెప్తా. ఆ ఆదివారం నువ్వు ధర దించినందుకు స్తోత్రం చెప్తివే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. నా ఉల్లి గూడా అందులోనే ఉండాదని నాకు తెలీదు. నీకు తెలుసునా?"

"తెలీదక్కా."

"ఇద్దరికీ తెలీకుండానే అడిగితిమి, ఇద్దరికీ తెలీకుండానే ఆయన ఇచ్చినాడు." అంతే అంది. లేచి లారీ ఎక్కింది.

మిగిలిన సరుకును షెడ్డులో పలచగా పరిచాం. ఆడవాళ్లు కూలి అడగకుండా రోజూ గంటసేపు కుళ్లు ఏరారు. నిషేధం ఎత్తేసే నాటికి సగానికి పైగా పారబోశాం. ఎత్తేశారు గానీ, ఎగుమతి డ్యూటీ వేశారు. అంటే బయటికి పోయే ప్రతి సంచి మీద సుంకం. సుంకం కట్టేది మా ఓనరే. కానీ బయటి కొనుగోలుదారు ఎక్కువ ఇవ్వడు, ఇంకో దేశం నుండి తెప్పించుకుంటాడు. ఓనరు తన జేబులో నుండి తీయడు. కాబట్టి రైతుకు ఇచ్చే ధరలో కోత పడింది. రేవులో కట్టిన సుంకం మా పొలాల్లో దిగుతుందని పంతొమ్మిదేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎస్తేరమ్మకు వచ్చినది విత్తనానికీ కూలికీ సరిపోయింది. బోరు దించలేదు. ఆ వేసవికి అది ఎండిపోయింది. ఇప్పుడు ఆ ఎకరన్నరలో వాన పడితే జొన్న వేస్తుంది. మిగతా రోజులు మా షెడ్డులోనే లక్షుమ్మ పక్కన కూర్చుని గడ్డలు కోస్తుంది.

ఆ ఏడాది కోత పండుగ గురించి చెప్పి ముగిస్తాను. మా మందిరంలో ఆ రోజు అందరూ తమ పంట తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చింది సంఘపు పనులకు పోతుంది. గుమ్మడికాయలు, కోళ్లు, జొన్న సంచులు పోయాయి. చివరకు ఒక చిన్న గంప మిగిలింది. గులాబీ రంగు ఉల్లి. అయ్యగారు రెండుసార్లు అడిగారు. తినని సరుకు, వేలం ఎవరు పాడతారు? ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చేయి ఎత్తాను. పోటీ లేకుండా నాకే వచ్చింది.

గంప ఎత్తుకోబోతే ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చింది.

"ఏం జేసుకుంటావప్పా, తినేటియి గాదు."

"విత్తనానికి నాటుతానక్కా."

"నాటు. చూసుకో, అన్నీ ఒకే కొలత." ఒక గడ్డ తీసి నా అరచేతిలో పెట్టింది. "ఈసారి నేనే ఏరినా, కుళ్లకుండా మిగిలిన వాటిల్లోంచి. షెడ్డు నుంచి రింగు తీసకపోయి ఒక్కొక్కటీ జారవిడిచి చూసినా. దాంట్లో పట్టనిది ఒక్కటి గూడా లేదు."

ఆ గడ్డ ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది. పాస్ కావలసినవి అవి. మా షెడ్డు మూలల్లో కుళ్లిపోయినవన్నీ అలాంటివే.

ఈ సంఘటన నాకు నేర్పినది రెండు. ఒకటి పనికి సంబంధించినది. ఇప్పుడు ఏ లాట్‌కైనా శాంపిల్ నేను చూడకుండా, చేటతో, రాశి నడుమ నుండి తీయిస్తాను. ప్రతి కాగితం చివరి అక్షరం దాకా చదివించుకుంటాను. రెండోది ప్రార్థనకు సంబంధించినది. ధర దిగితే స్తోత్రం చెప్పడం నేను మానలేదు, కొనుక్కుని తినేవాళ్లలో మా సంఘమే ఎక్కువ కదా. అయితే ఆ స్తోత్రం చెప్పే ముందు, ఈ తగ్గింపు ఎవరి పొలంలో నుండి వచ్చింది, అది నిజంగా ఎవరి పొయ్యి దాకా చేరింది అని అడుగుతాను. జవాబు తెలియనప్పుడు తెలియదని దేవుని ముందు ఒప్పుకుంటాను.

చదువుతున్న మీరు ఏ పట్టణంలో ఉన్నా, రేపు అంగడిలో ఉల్లి చేతికి తీసుకున్నప్పుడు ఒక్క నిమిషం ఆగి, నాతో కలిసి ఇలా ప్రార్థించండి. తండ్రీ, కొనేవాడిని కూడా నీవే చేసినావు, పండించేవాడిని కూడా నీవే చేసినావు. హద్దులు గీసేవారి చేతికి, ఆ హద్దు పడే నేలను చూసే కళ్లు ఇవ్వు. మేము తెలియక అన్న ఆమెన్‌లను క్షమించు. ఎస్తేరమ్మ బోరులో నీళ్లు ఇవ్వు. ఆమెన్.